బొగ్గుతో నడిచే చిన్న ఇంజిన్: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

చేత్తో కట్టిన పాత స్టీమ్ ఇంజిన్ మోడల్ కొనడమంటే బాయిలర్ కొనడమే. మిగతాదంతా దాంతోపాటు వచ్చే సామాను. చక్రం పోతే లేత్ మీద కొత్తది తీయించుకోవచ్చు, పిస్టన్ రాడ్ అరిగితే స్టెయిన్‌లెస్ రాడ్ వేసుకోవచ్చు, పెయింట్ సంగతి చెప్పనక్కర్లేదు. బాయిలర్ పనికిరాకపోతే మాత్రం అంత బరువున్న ఇంజినూ షోకేసులో బొమ్మే. ఒక ఇంజిన్‌ని పదేళ్లకు పైగా నడిపి, మధ్యలో ఇంకొన్నిటిని కొని, బాగుచేసి, అడిగినవాళ్లకు ఇచ్చేశాక చెబుతున్న మాట ఇది.

నా దగ్గర మిగిలింది మూడున్నర అంగుళాల గేజ్ ట్యాంక్ ఇంజిన్. అంటే పట్టాల మధ్య దూరం సుమారు 89 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాలు, రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు, బయటికి కనబడే వాల్షార్ట్స్ వాల్వ్ గేర్ (సిలిండర్లలోకి ఆవిరిని వేళకు వదిలే కడ్డీల అమరిక). డిజైన్ పేరు టిచ్. ఎల్‌బీఎస్‌సీ అన్న పేరుతో రాసిన ఇంగ్లండ్ మనిషి కర్లీ లారెన్స్ కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం దీన్ని గీశాడు. సైజు చూసి బొమ్మ అనుకోవద్దు. నిజం బొగ్గు వేయాలి, నిజం నీళ్లు పోయాలి. ఎత్తు మీద వేసిన పట్టాల మీద పెట్టి, వెనక చిన్న ట్రాలీ తగిలిస్తే పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని లాక్కుపోతుంది.

దీన్ని కట్టింది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అమ్మేశారు. బెంగాల్‌లోని చిత్తరంజన్ రైలింజిన్ల కర్మాగారంలో స్టీమ్ ఇంజిన్ల తయారీ 1972లోనే ఆగిపోయినా, వాటి మీద పని నేర్చిన ఫిట్టర్లు జంటనగరాల్లో చాలాకాలం ఉన్నారు. ఆ పనితనం ఇంజిన్ విప్పితేగానీ తెలియదు. ఎడమ పక్క వేయాల్సిన ప్రతి ముక్కకూ లోపలివైపు ఒక పంచ్ చుక్క, కుడి పక్కదానికి రెండు. కనెక్టింగ్ రాడ్ మీద ఆకురాయి గీతలన్నీ ఒకే దిక్కుకు, రాడ్ పొడుగునా సాగాయి. అడ్డంగా ఒక్క గీత లేదు. నూనె రంధ్రం అంచు చేతికి గీసుకోకుండా చిన్నగా చెక్కి ఉంది. ఎవరూ చూడని చోట చేసిన పని అది. అలాంటిది కనిపించినప్పుడు ధర గురించి నేను ఎక్కువ బేరమాడను.

అందుకే పాత ఇంజిన్‌ని "కొత్తదానిలా" చేయడమంటే నాకు గిట్టదు. పెయింట్ మొత్తం గీకేసి, ఇత్తడంతా అద్దంలా మెరిపించి ఫొటోలు పెట్టేవాళ్లను చూస్తుంటాను. కట్టినవాడి గుర్తులు అక్కడితో పోతాయి. నేను కాలిపోయిన స్మోక్‌బాక్స్‌కి (పొగగొట్టం కింద ఉండే ముందు అర) మాత్రం వేడికి తట్టుకునే నల్ల పెయింట్ వేశాను, ట్యాంకుల మీద ఆయన వేసిన ఆకుపచ్చ అలాగే ఉంది, మూలల్లో పొరలు లేచినా సరే. వానాకాలంలో ఇత్తడి మీద చిలుము పడుతుంది. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది నిజమే, కానీ ఆ పులుపు అతుకుల్లోకి పోయి కూర్చుంటుంది. గిన్నెలు తోమే పొడి కూడా అంతకన్నా నయం కాదు. దాని గరుకు బేరింగుల్లోకి వెళ్తే అరగదీస్తుంది. మెత్తటి గుడ్డ, కొంచెం నూనె, అంతే.

ఇక బాయిలర్. 25 లీటర్ల కన్నా తక్కువ పట్టే బాయిలర్లు మన దేశంలో బాయిలర్ చట్టం కిందికి రావు. ఈ ఇంజిన్‌లో ఉన్నది దాని ముందు చెంబెడు నీళ్లు. కాబట్టి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడడు, సర్టిఫికెట్ ఇవ్వడు. టెన్షన్ మొత్తం మనదే. ఇలాంటి ఇంజిన్ ఇంటికి తెచ్చాక చేయాల్సిన మొదటి పని నిప్పు వేయడం కాదు, నీళ్ల పరీక్ష. బాయిలర్ నిండా చన్నీళ్లు పోసి, గాలి బుడగ మిగలకుండా చూసి, చేతి పంపుతో ఒత్తిడి పెంచాలి. ఇది నడిచేది చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడి మీద, అందుకని రెట్టింపు, 160 పౌండ్ల దాకా తీసుకెళ్లి కాసేపు నిలబెట్టాలి. నీళ్లతోనే ఎందుకంటే, నీళ్లు నొక్కితే కుదించుకోవు. ఎక్కడైనా చీలినా కాస్త చిమ్మి ఒత్తిడి పడిపోతుంది. అదే గాలితోనో ఆవిరితోనో చేస్తే ముక్కలు ఎగురుతాయి.

నాది ఆ పరీక్షలో చెమటపట్టింది. ఫైర్‌బాక్స్ (నిప్పు మండే అర) పక్క గోడను బయటి గోడతో కలిపి పట్టుకునే, స్టేలనే రాగి కడ్డీలలో రెండు మూడింటి చుట్టూ నీటి చుక్కలు లేచాయి. పాతకాలం పద్ధతిలో స్టేలకు మరలు తిప్పి, నట్లు బిగించి, మీద సీసం తగరం కలిసిన మెత్తటి టంకం పోశారు. ఆ టంకం 183 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. 80 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి వేడి 162 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మధ్యలో ఉన్న సందు ఇరవై డిగ్రీలు. నీళ్లు ఒకసారి తగ్గి ఫైర్‌బాక్స్ పైకప్పు ఎండితే ఆ సందు కూడా ఉండదు.

రాగి అతకడం అనగానే హైదరాబాద్‌లో అందరికీ గుర్తొచ్చేది ఏసీ మెకానిక్. పని బాగా చేస్తారు, సందేహం లేదు. కానీ వాళ్లు వాడేది ఫాస్ఫరస్ కలిసిన రాగి రాడ్. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, అది ఆ అతుకును మెల్లగా తినేస్తుంది. గ్యాస్‌తోనో స్పిరిట్‌తోనో నడిచే ఇంజిన్‌కి దానితో నడిపించేవాళ్లున్నారు, బొగ్గు ఫైర్‌బాక్స్‌కి మాత్రం ముట్టుకోకూడదు. కంసాలి దగ్గరికి వెళ్లమని ఇంకొందరు చెప్పారు. అతుకు పారడానికి ఆయన పూసే వెలిగారం 740 డిగ్రీలు దాటితేగానీ కరిగి పారదు. నాకు కావలసిన, 55 శాతం వెండి ఉన్న అతుకు రాడ్ 650 దగ్గరే కరిగిపోతుంది. దానికి వెలిగారం బదులు ఫ్లోరైడ్ ఉన్న ఫ్లక్స్ కావాలి. రాడ్ కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనా అని అడగడం మరవకండి. పాత స్టాకులో కాడ్మియం ఉన్నవి ఇంకా తగులుతాయి, ఆ పొగ విషం.

చివరికి పని జరిగింది బేగంబజార్‌లో రాగి బిందెలు బాగుచేసే ఒకాయన దగ్గర. బాయిలర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇంత రాగి ఒక్క మంటకు ఎర్రబడదు సార్. చుట్టూ ఇటుకలు పేర్చాలె, కింద బొగ్గు పెట్టాలె, అప్పుడు పైనుంచి గ్యాస్ కొట్టాలె." అక్షరాలా అదే. రాగి వేడిని ఎంత వేగంగా లాగేస్తుందంటే, టార్చ్ పెట్టిన చోటు ఎర్రబడేలోగా అది అవతలి కొసకు పాకిపోతుంది. పాత టంకం పూర్తిగా గీకి తీసేయాలి, లేకపోతే వెండి అతకదు. ఆ గీకుడే ఎక్కువ కాలం పట్టింది. చల్లారాక నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, మళ్లీ 160 పౌండ్ల పరీక్ష పెట్టాం. చుక్క లేదు. ఇప్పుడు ఏడాదికోసారి, నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల మీద పరీక్ష పెడతాను.

బోల్టుల గురించి ఎవరూ ముందు చెప్పరు. ఇంగ్లండ్ డ్రాయింగుల ప్రకారం కట్టిన ఇంజిన్ కాబట్టి చిన్న స్క్రూలన్నీ బీఏ అనే పాత బ్రిటిష్ కొలత సైజులు. పైపుల మీద అంగుళానికి 40 చుట్లు ఉండే సన్న మరలు. బీఏ మర కోణం నలభై ఏడున్నర డిగ్రీలు, మన మెట్రిక్‌ది 60. రాణిగంజ్‌లో కుర్రాడు "దగ్గర దగ్గర సైజే సార్, పట్టేస్తుంది" అని మెట్రిక్ బోల్టు చేతిలో పెడతాడు. పట్టేస్తుంది కూడా, ఒకసారికి. గన్‌మెటల్ అనే కంచులో పాత చుట్లను నలిపేసి పట్టుకుంటుంది. అదే రాణిగంజ్‌లో పాత కొట్లలో ఓపిగ్గా అడిగితే బీఏ స్క్రూలు దొరుకుతాయి. ఒకప్పుడు మన దగ్గర కరెంటు సామానులో అవే వాడేవారు. 40 చుట్ల మరలు కోసే ట్యాపులు, డైలు మాత్రం బయటి నుంచి తెప్పించుకోవడమే. ఒక్క నట్టో బుష్షో కావాలంటే బాలానగర్‌లో ఏ చిన్న లేత్ షాపులోనైనా టర్నర్ కోసి ఇస్తాడు. కాగితం మీద కొలతలు కాదు, పాత ముక్క తీసుకెళ్లండి.

చేత్తో కట్టినదానికే నా ఓటు పడేది కూడా ఇక్కడే. ఫ్యాక్టరీ మోడల్ అందంగా ఉంటుంది, పెట్టెలోంచి తీసిన రోజే నడుస్తుంది. ఏదైనా విరిగితే ఆ ముక్క కోసం ఈమెయిళ్లు, కస్టమ్స్, ఎదురుచూపులు. దీనికి అవేం లేవు. డ్రాయింగ్ ఉంది, ఇత్తడి రాడ్ ఉంది, బాలానగర్ ఉంది.

బొగ్గు దగ్గర మన ఊరికి కలిసిరాలేదు. సింగరేణి పక్కనే ఉంది కదా అని నేనూ ఆశపడ్డాను. ఆ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. పెద్ద బాయిలర్లకు చెల్లుతుంది, అరచేయంత గ్రేట్‌కి (బొగ్గు మండే కడ్డీల చట్రం) చెల్లదు. కాసేపట్లోనే గ్రేట్ సందులు మూసుకుని, నిప్పు నల్లబడి, ప్రెజర్ ముల్లు దిగడం మొదలవుతుంది. ట్యూబుల్లో మసి సరేసరి. ఇంగ్లండ్‌లో ఈ హాబీవాళ్లు మెచ్చుకునే వెల్ష్ బొగ్గు పొగ తక్కువ, వేడి ఎక్కువ. అది ఇక్కడ సులువుగా దొరకదు. నేను ఇస్త్రీ బండి వాళ్లు వాడే కర్రబొగ్గు, ఏరి తెచ్చిన మంచి రాతిబొగ్గు కలిపి వేస్తాను. రాతిబొగ్గును శనగ గింజంత ముక్కలు కొట్టి, జల్లెడ పట్టి పొడి తీసేయాలి. వెలిగించడానికి కిరోసిన్‌లో నానిన కర్రబొగ్గు, పొగగొట్టం మీద చిన్న బ్యాటరీ ఫ్యాన్. ఆవిరి తయారయ్యాక ఫ్యాన్ తీసేసి, ఇంజిన్ సొంత బ్లోయర్ (పొగగొట్టంలోకి ఆవిరి చిమ్మి నిప్పును రగిలించే గొట్టం) తెరవాలి. అక్కడి నుంచి మీకు టీ తాగే తీరిక ఉండదు. బొగ్గు, నీళ్లు, ప్రెజర్, మళ్లీ బొగ్గు. చిన్న ఇంజిన్ నడపడం పసిపిల్లకు అన్నం పెట్టడం లాంటిది: కొంచెం కొంచెం, మాటిమాటికీ, కళ్లు తిప్పకుండా.

నీళ్ల విషయంలో రాజీ వద్దు. మన బోరు నీళ్లు పోస్తే రాగి గోడల మీద తెల్లటి పొర కట్టేస్తుంది, వేడి నీళ్లకు అందదు. వాన నీళ్లు పట్టుకోండి, లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఏసీ నుంచి కారే నీళ్లను వడకట్టి వాడేవాళ్లనూ చూశాను, పనిచేస్తుంది. నూనె కూడా మామూలు ఇంజిన్ ఆయిల్ కాదు, తడి ఆవిరిలోనూ అంటుకుని ఉండే చిక్కటి స్టీమ్ సిలిండర్ ఆయిల్. పొగగొట్టం అంచున సన్నగా నూనె జిడ్డు కనిపిస్తుంటే సిలిండర్లకు అందుతున్నట్టే.

నడిపే చోటు పెద్ద సమస్య. అపార్ట్‌మెంట్‌లో ఉంటే రోలర్ల స్టాండ్ మీద ఉన్నచోటే చక్రాలు తిప్పుకోవడం తప్ప దారి లేదు. మేడ మీద పొగ పెడితే కింది ఫ్లాట్ ఆంటీ ఊరుకోరు. ఘట్‌కేసర్ దగ్గర మా బావగారి స్థలంలో ఎత్తు స్టాండ్ల మీద కొంత పట్టా వేసుకున్నాం. అక్కడికి తీసుకెళ్లడం, పట్టా సమం చేయడం, అయ్యాక వేడి తగ్గేదాకా ఆగి బూడిద దులపడం, అన్నీ కలిపి ఒక ఆదివారం. అందులో ఇంజిన్ నిజంగా పరుగెత్తేది కాసేపే. ఆ లెక్క చూసుకుని బాధపడేవాళ్లకు ఈ సరుకు వద్దు. విప్పడం, రుద్దడం, అతకడం ఇష్టమైతే మాత్రం డబ్బుకు తగ్గ వస్తువే. కొన్న ధరకు దాదాపు సమానంగా రిపేర్లకూ పనిముట్లకూ పోతుందని ముందే అనుకోండి.

ఇప్పటికీ సర్దుకోనిది ఇంజెక్టర్ ఒక్కటే. ఆవిరి బలంతోనే నీళ్లను బాయిలర్‌లోకి తోసే చిన్న ఇత్తడి ముక్క అది. లోపలి కోన్లు సూదిమొనంత సన్నం, చిన్న నలుసు చాలు మొరాయించడానికి. దానికి చన్నీళ్లు కావాలి, ఎందుకంటే ఆవిరి ఆ నీళ్లలో చల్లబడి నీరైతేనే తోపుడు పుడుతుంది. డిసెంబర్ పొద్దున ఆరింటికి చక్కగా పట్టుకుంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే పక్క ట్యాంకుల్లో నీళ్లు ఎండకు కొంత, బాయిలర్ సెగకు కొంత వేడెక్కి, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి ఉమ్మేస్తుంది తప్ప లోపలికి పంపదు. ట్యాంకులో ఐస్ ముక్కలు వేసి చూశాను, కాసేపు ఆడింది. చక్రాల ఇరుసుతో నడిచే యాక్సిల్ పంపు ఇంజిన్ కదులుతున్నంతసేపూ నీళ్లు ఇస్తుంది, ఆగితే అదీ ఆగుతుంది. కాబట్టి కొనేటప్పుడు చేతి పంపు సరిగ్గా పనిచేస్తోందా లేదా ముందు చూడండి. ఎండాకాలంలో మన దగ్గర దిక్కు అదే.