పాత మాన్షన్: టోక్యోలో ఏళ్ల వాడకం తర్వాత తేలిన సంగతులు

జపాన్‌లో మాన్షన్ అంటే బంగళా కాదు, కాంక్రీటు అపార్ట్‌మెంట్. 1970ల చివర్లో, 80ల మొదట్లో కట్టినవి స్టేషన్ దగ్గరే, కొత్తవాటికంటే బాగా తక్కువకు దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఉన్నాక నా తీర్పు ఒక్కటే: ఫ్లాట్ ఎలా ఉందన్నది రెండో సంగతి, దాని కన్రి కుమియాయ్, అంటే ఓనర్ల సంఘం, ఎలా నడుస్తోందన్నదే మొదటిది.

కొనాలనుకుంటే ముందు తేదీ చూడండి. కొత్త భూకంప ప్రమాణాలు 1981 జూన్ 1న వచ్చాయి. అయితే లెక్కలోకి వచ్చేది కట్టడం పూర్తయిన రోజు కాదు, ప్లాన్‌కు అనుమతి వచ్చిన రోజు. 1982లో, ఒక్కోసారి 83లో పూర్తయిన భవనం కూడా పాత ప్రమాణాలదే కావచ్చు. ఏజెంటును ఆ అనుమతి తేదీ అడగండి, "షిన్ తైషినే లెండి", అంటే కొత్త ప్రమాణాలదే లెండి, అంటే ఊరుకోకండి.

తర్వాత నెలనెలా కట్టేవి: నిర్వహణకు కన్రిహి, మరమ్మతు నిధికి షూజెన్ త్సుమితతేకిన్. రెండోది తక్కువ ఉంటే సంబరపడొద్దు. ప్రభుత్వ 2021 మార్గదర్శకం ప్రకారం 20 అంతస్తుల లోపు భవనాల సగటు చదరపు మీటరుకు నెలకు సుమారు 250-340 యెన్. 60 చదరపు మీటర్ల ఫ్లాటుకు 15-20 వేలు. 5 వేలే తీసుకుంటున్నారంటే, 12-15 ఏళ్లకోసారి వచ్చే పెద్ద మరమ్మతుకు డబ్బు చాలదు. అప్పుడు నెలసరి పెంచుతారు, లేదా ఒకేసారి లక్షల్లో అడుగుతారు. పాత ఓనరు ఎగ్గొట్టిన బకాయి కూడా చట్టప్రకారం మీ నెత్తినే పడుతుంది.

ఇవన్నీ జూయో జికో చోసా హోకోకుషో అనే నివేదికలో ఉంటాయి. దానితోపాటు దీర్ఘకాల మరమ్మతు ప్లానూ, గత మూడేళ్ల సర్వసభ్య సమావేశాల మినిట్సూ తెప్పించుకోండి. మినిట్సులో "రోసుయి", అంటే నీటి లీకు, అన్న మాట వెతకండి. దాని పక్కన 303, 403, 503 ఇలా ఒకదాని మీద ఒకటి ఉండే ఫ్లాట్ల నంబర్లు కనిపిస్తే అది ఒక ఇంటి గొడవ కాదు, నిలువు గొట్టం అరిగిపోయిందన్నమాట.

అసలు తలనొప్పి గొట్టాలే. కొత్త వాల్‌పేపరు, తెల్లటి కిచెన్ పెట్టి అమ్మేవాటిలో సగం మేడిపండ్లే. గుమ్మం పక్కనున్న మీటర్ బాక్స్ తలుపు తీసి, వేడినీటి రాగి గొట్టం అతుకుల దగ్గర పచ్చటి చిలుము ఉందేమో చూడండి. రాగికి పిన్నుమొన అంత రంధ్రం పడేది ఎక్కువగా నీరు వేగంగా తిరిగే వంపుల్లోనే. ఇనుప గొట్టమైతే మొదట మరలు బిగించిన చోట తుప్పు పడుతుంది. చాలాసేపు వాడని కుళాయి తిప్పినప్పుడు మొదటి గ్లాసుడు నీళ్లు ఎర్రగా వస్తే సంగతి అర్థమైపోతుంది. కొన్ని పాత భవనాల్లో మీ బాత్రూమ్ డ్రైనేజీ గొట్టం కింది ఇంటి సీలింగులో ఉంటుంది. దాన్ని మార్చాలంటే వాళ్లింట్లోకి వెళ్లాలి. అలాంటి గొట్టం ఉమ్మడి ఆస్తి అని 2000లో జపాన్ సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. మీ భవనం కియాకు, అంటే నియమావళి, ఏమంటుందో మాత్రం చదవాల్సిందే.

కరెంటు భవనమంతా కలిపి పరిమితం కాబట్టి ఇంటికి 30 లేదా 40 ఆంపియర్లు మించి ఇవ్వని చోట్లున్నాయి. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. 200 వోల్టుల లైను లేకపోతే ఇండక్షన్ స్టవ్ మాట మర్చిపోండి. కిటికీలు ఉమ్మడి భాగం, మీ ఇష్టానికి మార్చలేరు. ఒంటి అద్దం మీద చలికాలం నీరు కారి, ఉత్తరపు గది గోడకు బూజు పడుతుంది. లోపలివైపు రెండో కిటికీ పెట్టించడమే దీనికి మందు.

ఖర్చుల్లో ఏజెంటు ఫీజు గరిష్ఠంగా 3 శాతం, ప్లస్ 60 వేల యెన్, దానిపై పన్ను: 2 కోట్ల యెన్ ఫ్లాటుకు 7,26,000. శాశ్వత నివాస హక్కు లేకపోతే చాలా బ్యాంకులు లోన్ దగ్గరే ఆపేస్తాయి. మనవాళ్లు ఎక్కువుండే నిషి-కసాయ్ వైపు చూస్తుంటే ఎదొగావా వార్డు వరద మ్యాపు చూశాకే అంతస్తు ఎంచుకోండి, ఆ ప్రాంతం చాలా పల్లం.

ఇంకో చిన్న సంగతి. పాత వంటింటి పొగగొట్టం దూలంలోని ఇరుకు రంధ్రం గుండా పోతుంది, దాన్ని పెద్దది చేయనివ్వరు. అవతలి కొస కారిడార్‌లోకి తెరుచుకుంటే ఇంగువ పోపు ఘాటు సరాసరి పక్కింటి గుమ్మం ముందే తేలుతుంది.