ఇంటికి రెండు వేలు: మా కాలనీ ఉత్సవ కమిటీకి నా మార్కులు

మా కాలనీలో కమిటీ వాళ్లు మళ్లీ రసీదు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఇంటికి రెండు వేలు. పక్క వీధిలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి అడిగింది: "ఆంటీ, ఇది ఇవ్వాల్సిందేనా? దీంతో ఏం చేస్తారు?" గేటు దగ్గర నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. చందా ఎంతైనా సరే, లెక్క చూడందే నాకు నిద్ర పట్టదు.

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు, విజయవాడ హైవేకి దగ్గర్లో నూట ఎనభై ఇళ్ల కాలనీ. సగం మంది నల్గొండ, ఖమ్మం జిల్లాల వాళ్లు, మిగతావాళ్లం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. కమిటీలో జీతం తీసుకునేవాళ్లు లేరు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన ఒకాయన, ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఇంట్లోనే బట్టలు కుట్టే ఒకావిడ, వీళ్ల వెనక పిలిస్తే వచ్చే పది మంది. నేను మార్కులు వేస్తున్నది 2024 ఏప్రిల్ 9న వచ్చిన క్రోధి ఉగాది నుంచి 2025 మార్చి 30న విశ్వావసు ఉగాది దాకా జరిగిన ఏడాదికి.

క్రోధి ఉగాది బాగా జరిగింది. అందులో సగం ఘనత ఎన్నికల సంఘానిది. మార్చిలోనే కోడ్ అమల్లోకి రావడంతో ఏ నాయకుడి ఫ్లెక్సీ కట్టలేదు, ఏ ముఖ్య అతిథినీ పిలవలేదు. పంతులుగారు చెప్పిన టైముకే పంచాంగం విప్పారు. పిల్లలు దొప్పల్లో పచ్చడి పంచారు. వేపపువ్వు ఎక్కువైందని అందరూ మొహాలు చిట్లించారు కానీ రెండోసారి అడిగినవాళ్లూ ఉన్నారు. గంటన్నరలో ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం.

ఆ తర్వాత ఎనిమిది రోజులకు శ్రీరామనవమి. ఆ వేసవిలో నీళ్ల ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియని పరిస్థితి. కుర్రాళ్లు బస్‌స్టాప్ దగ్గర షామియానా వేసి కాలనీ వాళ్లకే కాకుండా ఆగిన ప్రతి ఆటోకీ, బస్సుకీ పానకం, వడపప్పు అందించారు. మిరియాల ఘాటు, యాలకుల వాసన, బెల్లం అన్నీ సరిగ్గా కుదిరాయి. కమిటీ లెక్కలు పెట్టే బోర్డు మీద ఖర్చు చూశాను: 3,200 రూపాయలు. ఏడాది మొత్తంలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత మందికి అందిన కార్యక్రమం ఇంకోటి లేదు.

జూన్ 29 టీ20 ప్రపంచ కప్ ఫైనల్ సంగతి చెప్పాలి. పార్కులో ప్రొజెక్టర్ పెట్టి తెర కట్టారు. రాత్రి పదయ్యాక లౌడ్‌స్పీకర్ మోగకూడదన్నది రూలు. మన దగ్గర దాన్ని పాటించేవాళ్లు తక్కువ. మా కరెంటు ఆఫీసు పెద్దాయన మాత్రం పది కాగానే సౌండ్ తీసేశారు. అంటే సౌతాఫ్రికా బ్యాటింగ్ దాదాపు అంతా మేం మూగగా చూశాం. ముప్పై బంతుల్లో ముప్పై పరుగులు కావాల్సినప్పుడు పార్కులో ఎవరూ మాట్లాడలేదు. చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ బౌండరీ మీద ఆ క్యాచ్ పట్టగానే లేచిన కేకలకు ఏ రూలూ అడ్డురాలేదు. ఏడు పరుగుల తేడాతో గెలిచాం. మర్నాడు పొద్దున్న పార్కులో ఒక్క చిప్స్ కవరు లేదు. రాత్రే ఏరేశారు.

బోనాలు కమిటీ ఖాతాలో వేయను. కాలనీ లేనప్పటి నుంచే ఇక్కడ పోచమ్మ గుడి ఉంది, పాత ఊరివాళ్లే ఆ పండగ చేస్తారు. కమిటీ మజ్జిగ పోసి, వీధిలో బండ్లు పక్కకు తీయించింది. అంతవరకే ఉండటం మంచి పని.

ఇక అసలు మార్కులు పడేది సెప్టెంబరులో. ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు 1న కూడా వదలకుండా కురిసిన వానకు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్ల మీద పడ్డాయి. మా కాలనీలో రెండు వైపులా బంధువులు లేని ఇల్లు తక్కువ. వినాయక చవితి ఏడో తేదీ. మండపానికి లైటింగ్ అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. వరద సంగతి తెలిసిన రాత్రే కమిటీ కూర్చుని అలంకరణ ఖర్చును సగానికి తగ్గించింది. టెంట్ హౌస్ అతను కూడా మంచివాడు, అడ్వాన్సులో కొంత వెనక్కి ఇచ్చాడు. ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, ఉప్పు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల కాయిల్స్, దుప్పటి, ఆడవాళ్లకు ప్యాడ్లు, అన్నీ కలిపి ఒక సంచి. కమ్యూనిటీ హాల్లో రెండు వరసల్లో కూర్చుని కట్టాం. పాత బట్టల విషయంలో బట్టలు కుట్టే ఆవిడ చాలా గట్టిగా ఉన్నారు. చిరిగినవి, మాసినవి తెచ్చినవాళ్లకు అక్కడే తిరిగి ఇచ్చేశారు. "వాళ్లకు నీళ్లొచ్చాయండీ, మన చెత్త కూడానా?" అన్నారు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. హైవే మీద రాకపోకలు మొదలయ్యాక ఒక వ్యాను ఖమ్మానికి, ఒకటి విజయవాడ సింగ్‌నగర్‌కి వెళ్లాయి. ఫొటో దిగడానికి కూడా ఎవరూ ఆగలేదు. ఆ తర్వాత లెక్క మాత్రం పైసాతో సహా బోర్డు మీద పెట్టారు.

అదే కమిటీ పది రోజులు తిరగకుండా చవితి పందిట్లో ఇంకో రకంగా కనిపించింది. మట్టి విగ్రహం పెట్టడం, పోలీసు పర్మిషన్ ముందే తీసుకోవడం, ఇళ్లలోని చిన్న వినాయకులను నీళ్ల డ్రమ్ములో కరిగించి ఆ మట్టిని పార్కు మొక్కలకు వేయడం అన్నీ బాగున్నాయి. పాడైంది సాంస్కృతిక కార్యక్రమాల రాత్రి. మైకు చేతికొస్తే వదలని మనుషులు ప్రతి కాలనీలోనూ ఉంటారు, మాకూ ఉన్నారు. దాతలకు సన్మానం, దాతల తరఫు వాళ్లకు సన్మానం, సన్మానం చేసిన వాళ్లకు తిరుగు సన్మానం. ఎల్‌కేజీ పాప ఒకటి గోపిక వేషంలో కుర్చీలోనే నిద్రపోయింది. వాళ్లమ్మ లిప్‌స్టిక్ చెరగకుండా తల పట్టుకుని కూర్చుంది. పదికి సౌండ్ కట్టేయాలి కాబట్టి చివరికి పిల్లల డాన్సులు నాలుగు ఎగిరిపోయాయి. శాలువాలు, మెమెంటోలకు అయిన ఖర్చు 14,500. ఇందులో డ్రైనేజీ మూతలు తీసి కాలవ శుభ్రం చేసిన కుర్రాడికి ఒక్క శాలువా రాలేదు.

లడ్డూ వేలం గురించి రెండు ముక్కలు. బాలాపూర్ మాకు పెద్ద దూరం కాదు. 1994లో 450 రూపాయలకు మొదలైన అక్కడి లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. ఆ గాలి మా మీద కూడా వీస్తుంది. మా లడ్డూ లక్షా పదహారు వేలకు పోయింది, చప్పట్లు మోగాయి, డప్పులు మోగాయి. సంక్రాంతి దాకా ఆ డబ్బు బోర్డు మీద 'రావలసినవి' కిందే ఉంది. బ్యాంకులో ఇలాంటి పద్దుకు మేం వేరే పేరు పెట్టేవాళ్లం. వేలం పాడిన రోజే కనీసం సగం కట్టించుకోవాలి.

బతుకమ్మకు వస్తాను. మాది రాజమండ్రి. గొబ్బెమ్మలు, అట్లతద్ది తెలుసు కానీ బతుకమ్మను ఇక్కడికొచ్చాకే చూశాను. 2024లో అక్టోబరు 2న ఎంగిలిపూల బతుకమ్మ. మొదటి రోజు కమిటీ కుర్రాళ్లు ఉత్సాహంగా పెద్ద సౌండ్ బాక్సులు తెచ్చి రికార్డు పాటలు పెట్టారు. ఆ వేగానికి కాలేజీ పిల్లలు బాగానే తిరిగారు. పెద్దవాళ్లు రెండు చుట్లకే ఆయాసపడి అరుగుల మీద కూర్చున్నారు. మూడో రోజు సూర్యాపేట నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు నేరుగా బాక్సు దగ్గరికి వెళ్లి, "బిడ్డా, జర ఆ డబ్బా బంద్ చెయ్యి. మేం పాడుకుంటం" అన్నారు. ఆ కుర్రాడు ఎదురు చెప్పకుండా వైరు పీకేశాడు. అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ దాకా గొంతులూ చప్పట్లే. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అందుకునేవారు. నాకు అడుగు పడకపోతే ఎదురింటి వదిన, "నేర్చుకునుడు ఏముంది వదినా, మా ఎంబడి నడువు" అని చెయ్యి పట్టుకు లాగేసింది.

పూల ఏర్పాటు కూడా మెచ్చుకోవాలి. బజారులో తంగేడు కట్ట రేటు విని కళ్లు తిరిగాయి. కుర్రాళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుని తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చారు. బంతి, చామంతి మాత్రం గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి. గునుగుకు రంగులద్దే పని హాల్లో జరిగింది, ఆ మరకలు ఇప్పటికీ గచ్చు మీద ఉన్నాయి. సద్దుల నాడు ప్రతి ఇంటి నుంచీ ఒక్కో రకం సద్ది వచ్చింది: పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, మలీద. క్యాటరింగ్ లేదు, స్టేజీ లేదు. నా లెక్కలో ఏడాదికి ఇదే మొదటి ర్యాంకు.

దీపావళి మామూలు. చెప్పుకోదగ్గదేమీ లేదు.

కార్తీక వనభోజనాలకు మాత్రం సున్నా వేస్తున్నాను. బస్సులు ఉచితం అన్నారు. ఉచితం ఎందుకో బస్సెక్కాక తెలిసింది. ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ వాళ్లు పెట్టారట. తోటకు వెళ్లే దారిలో వాళ్ల వెంచర్ దగ్గర దింపి, ఎండలో నిలబెట్టి, రంగుల మ్యాపు చూపిస్తూ రాళ్లు పాతిన ప్లాట్ల మధ్య తిప్పారు. చిన్నపిల్లలకు దాహం, ముసలివాళ్లకు కాళ్ల నొప్పులు. వాళ్ల ఏజెంటు నన్ను "మేడమ్, రిటైర్మెంట్ డబ్బులు ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. ఎక్కడ పెట్టానో అతనికి చెప్పలేదు. తీరా తోటకు చేరితే అక్కడ ఉసిరి చెట్టే లేదు! ఎవరో కొమ్మ ఒకటి తెచ్చి షామియానా గుంజకు కట్టారు, దానికే పూజ. భోజనం మూడు దాటాక వచ్చింది. కార్తీక మాసంలో పనసపొట్టు కూర, కంద బచ్చలి తింటామని ఆశపడి వెళ్తే పనీర్ బటర్ మసాలా, రుమాలీ రోటీ పెట్టారు. అంతకు ముందు ఏడాది ఇళ్ల నుంచి క్యారియర్లు కట్టుకెళ్లి పార్కులోనే తిన్నాం. అక్కడైతే ఉసిరి చెట్టు ఉంది కూడా.

సంక్రాంతి ముగ్గుల పోటీ జనవరి 12 ఆదివారం పెట్టారు. ఆపాటికి సగం కాలనీ పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూలో ఉంది. మిగిలిన వాళ్లు వేసిన ముగ్గులు బాగున్నాయి, పోటీకి మనుషులే లేరు. ధనుర్మాసం డిసెంబరు 16కే మొదలవుతుంది కదా, నెల్లాళ్లలో ఏ ఆదివారం పెట్టినా ఊళ్లకు వెళ్లేవాళ్లు కూడా ముగ్గు వేసేవారు. ఈ మాట చెప్తే "వచ్చే ఏడాది చూద్దామండీ" అన్నారు.

రిపబ్లిక్ డే నాడు ఒక ప్రైవేటు ఆస్పత్రితో ఆరోగ్య శిబిరం పెట్టారు. బీపీ, షుగర్ చూడటం వరకు ఉపయోగమే. కానీ వెళ్లిన ప్రతివాళ్లకీ ఇంకో స్కానింగ్ రాసి, వాళ్ల ఆస్పత్రి కూపన్ చేతిలో పెట్టారు. నాకు రెండు కూపన్లు వచ్చాయి. అదే రోజు కుర్రాళ్లు నడిపిన రక్తదానం మటుకు పద్ధతిగా జరిగింది.

మొత్తానికి పదికి ఏడు వేస్తాను. పోయిన మూడు మార్కులూ ఎక్కడ పోయాయో పై లెక్కల్లో చూడొచ్చు. టెంట్, సౌండ్, స్టేజీ, శాలువాలు కలిపితే ఖర్చులో మూడో వంతు దాటింది. జనం మెచ్చుకున్నవి చూస్తే వాటిలో చాలావాటికి స్టేజీయే లేదు. ఇంకో ఇబ్బంది పనివాటాల్లో ఉంది. వంట, పూలు, సంచులు కట్టడం, గచ్చు కడగడం ఆడవాళ్ల మీద పడతాయి, మైకు మాత్రం మగవాళ్ల దగ్గరుంటుంది. అద్దెకుండే వాళ్ల దగ్గర చందా తీసుకుంటారు, మీటింగుకు మాత్రం పిలవరు. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఈ మాట కూడా చెప్పాను. రసీదు తీసుకున్న రోజే మీటింగ్ ఎప్పుడో అడిగి రాయించుకోమన్నాను.

నా రెండు వేలు ఇచ్చాను. పానకం ఖర్చు రెట్టింపు చేయమని, సన్మానాలు పదిహేను నిమిషాలకు మించొద్దని, పిల్లల డాన్సులు ముందు పెట్టమని కాగితం మీద రాసి కరెంటు ఆఫీసు పెద్దాయన చేతికే ఇచ్చాను. పానకానికి వెంటనే ఒప్పుకున్నారు. డాన్సుల మాట కూడా సరేనన్నారు. ఈసారి వనభోజనాలకు బస్సులు ఎవరు పెడుతున్నారో ముందుగానే బోర్డు మీద రాయాలని కూడా అడిగాను. అది ఇంకా రాయలేదు.