సెడాన్ బేరానికి ఎక్కి దిగిన గుమ్మాలు

కొత్తదైనా సరే, ఏడాది రెండేళ్ళు నడిచినదైనా సరే, మంచి సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే కారు, కావాలి. ఎస్‌యూవీ వద్దు. ఇంతవరకు ఇంట్లోనే తేలిపోయింది. ధర తేలాల్సింది బయట. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే అడిగాను: "పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిపి, తాళంచెవి నా చేతికొచ్చేసరికి మొత్తం ఎంతవుతుంది? కాగితం మీద రాసిస్తారా?" జవాబును బట్టే ఆ చోటికి మార్కులు వేశాను.

షోరూముల్లో మర్యాదకు లోటు లేదు. ధర దగ్గరే నీళ్ళు నములుతారు. మొత్తం ఎంతని నేనడిగితే, "నెలకు ఎంత కట్టగలరు సార్?" అని ఎదురు ప్రశ్న. దీనికి అంకె చెప్పామా, బేరం వాళ్ళ చేతిలోకి పోయినట్టే. వాయిదాల సంఖ్య పెంచుకుంటూ పోతే ఎంత ధరైనా ఆ అంకెలో ఇమిడిపోతుంది, వడ్డీ మాత్రం మన నెత్తిన పడుతుంది. "అప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు కారు ధర చెప్పండి" అని పట్టుబట్టాక కొటేషన్ వచ్చింది. తగ్గింపు పైన, పెద్ద అక్షరాల్లో. ఉపకరణాల ప్యాకేజీ, రంగుకు రక్షణ పూత, ఏవో సేవా రుసుములు కింద, చిన్న అక్షరాల్లో. తగ్గించిందంతా అక్కడే తిరిగి రాబట్టుకున్నారు. అదే కాగితం అదే కంపెనీకి చెందిన మరో షోరూములో చూపిస్తే, అక్కడి అమ్మాయి ఆ వరుసలన్నీ కొట్టేసి మొత్తం రాసిచ్చింది. కారు అదే, రంగు అదే. తేడా వచ్చింది ఆ కొట్టివేతల్లోనే.

నెలాఖరులో వెళ్ళడం కలిసొచ్చింది. అమ్మకాల లక్ష్యం చేరాల్సిన వాళ్ళు కాస్త మెత్తబడతారు. కొత్త మోడల్ రాబోతుంటే పాత మోడల్ ధర ఇంకా దిగుతుంది. అయితే ఎన్నాళ్ళుగా నిల్వ ఉందో చూసుకోవాలి. టైరు పక్కన ఉండే తేదీ కోడ్ చివరి నాలుగు అంకెలు కొంత ఆచూకీ ఇస్తాయి: 3523 అంటే 2023లో 35వ వారంలో తయారైన టైరు.

కంపెనీల పాత కార్ల విభాగం శుభ్రంగా ఉంది. తనిఖీ పత్రం, వారంటీ, అన్నీ పద్ధతిగా ఇస్తారు. బేరం మాత్రం ఆడరు. ఏడాది నడిచిన కారును కొత్తదాని జాబితా ధర పక్కన పెట్టి చూపిస్తే ఎంతో చవక అనిపిస్తుంది. నేను రాయించుకున్న కొటేషన్ పక్కన పెట్టి చూస్తే తేడా బాగా తగ్గిపోయింది. పైగా పాత కారు అప్పుకు బ్యాంకు చెప్పిన వడ్డీ ఎక్కువ. ఆ కాస్త తేడాకు కొత్తదే నయం. టెస్ట్ డ్రైవులకు వాడిన కారు కూడా చూపించారు. ధర బాగుంది గానీ, వారంటీ తొలి రిజిస్ట్రేషన్ రోజు నుంచే నడుస్తోంది.

అసలు కొద్దిగా వాడిన కారు ధర అంతలా ఎందుకు పడిపోతుంది? అమ్మేవారికి తెలిసిన లోపం కొనేవారికి తెలియదు కాబట్టి, మంచి కారును కూడా అనుమానించే ధర కడతారు. ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే పాత కార్ల ఉదాహరణతో ఈ వాదన చేశారు. 2001లో నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ఆ అనుమానం తీర్చగలిగితే తగ్గిన ధర మనకు లాభమే.

దళారి ఆవరణలో అది తీరలేదు. కార్లన్నీ తళతళలాడుతున్నాయి. ఓడోమీటర్ అంకె చిన్నది, బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది. మా మెకానిక్ కారు కంప్యూటరుకు స్కానర్ పెట్టి చూస్తే, అందులో నమోదయ్యే లోపాల జాబితా ఖాళీ. "మురిసిపోకండి, కారు లోపలి స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తోంది" అన్నాడు. అంటే ఈమధ్యే ఎవరో ఆ జాబితాను చెరిపేసి ఉండాలి, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండాలి. బయటి గ్యారేజీలో లిఫ్టు మీద చూపిస్తామంటే ఒప్పుకోలేదు. వచ్చేశాం.

చివరికి కారు వేరే ఊళ్ళో, సొంతదారు దగ్గర దొరికింది. సాయంత్రం వెళ్ళి చూసి తిరిగిరావచ్చు. కానీ రాత్రికి అక్కడే లాడ్జిలో ఆగాం. గది ఇరుకు, పరుపు గట్టి, వేడినీళ్ళు అడిగితే గాని రావు. అయినా ఆ అద్దె దండగ కాలేదు. రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ను స్టార్ట్ చేసినప్పుడు వినిపించే చప్పుళ్ళు, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ, వేడెక్కాక దాగిపోవచ్చు. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పి, ఉదయం వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది. ఇంజన్ తొలిసారికే అందుకుంది. సర్వీసు బిల్లులన్నీ వరుసగా ఉన్నాయి. గ్యారేజీకి ఆయనే నడుపుకొచ్చారు. ముందు టైర్లు రెండూ అరుగుదల గుర్తు దాకా వచ్చాయి. మెకానిక్ రాసిన చీటీ చూపించి కొత్త టైర్ల ఖర్చు ధరలో తగ్గించమంటే పేచీ పెట్టలేదు. మాటలతో అడిగి ఉంటే ఇచ్చేవారా? అనుమానమే.

ప్రయాణం, లాడ్జి, మెకానిక్ కూలి అన్నీ కలిపినా మొత్తం కంపెనీ విభాగం అడిగినదానికన్నా స్పష్టంగా తక్కువ. వారంటీ మిగిలిన కాలం కూడా నాకు మారేదే. కారు మీద ఆయన తీసుకున్న అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం చూశాకే డబ్బు పంపాను. రెండో తాళంచెవి కూడా అప్పుడే అడిగి తీసుకున్నాను. చిప్ ఉన్న తాళంచెవి మళ్ళీ చేయించాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది.