పెరటి చేపల తొట్టికి నీలం డ్రమ్ము ఫిల్టరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో మా పెరట్లో రెండు వేల లీటర్ల సిమెంటు తొట్టి ఉంది. అందులో కోయి చేపలు, గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాం. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముతో ఇంట్లోనే చేసుకున్న ఫిల్టరు కొన్నేళ్లుగా దానికి రాత్రింబవళ్లు పనిచేస్తోంది. నా తీర్పు ముందే చెబుతాను. చేపల ఆరోగ్యం విషయంలో దీనికి వంక పెట్టలేను. నీటి పచ్చదనం మీద మాత్రం దీని బలం చాలదు.

చాలామంది నీళ్లు తేటగా కనబడాలని ఫిల్టరు కడతారు. అద్దంలా మెరిసే నీటిలోనూ చేపలు చచ్చిపోతాయి, ఎందుకంటే వాటి ప్రాణం తీసే అమ్మోనియాకు రంగు లేదు. చేపలు దాన్ని మొప్పల నుంచి వదులుతాయి, మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీటిలో తేలుతూ కాక, ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పాకుడులా పెరుగుతాయి. వాటికి చోటు, ఆక్సిజన్ అందించడమే ఈ డ్రమ్ము పని. కొత్త సిమెంటు తొట్టి ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. సిమెంటు నుంచి సున్నం దిగి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది.

పాత సామాన్ల దుకాణంలో డ్రమ్ము కొనేటప్పుడు అందులో ఇంతకు ముందు ఏమి పోశారో తప్పక అడగండి. పురుగుమందో యాసిడో ఉన్నదైతే ఎన్నిసార్లు కడిగినా వద్దు. మా డ్రమ్ములో తొట్టి నీరు అడుగుకు చేరి, పైకి ఎగదన్నుకుంటూ వచ్చి, పైఅంచు దగ్గరి గొట్టం నుంచి మళ్లీ తొట్టిలో పడుతుంది. పంపు నెట్టే నీటికి అంగుళం గొట్టం సరిపోతుంది. తిరిగి వెళ్లే నీరు తన బరువుతోనే పారాలి కనుక అక్కడ రెండంగుళాలది పెట్టాను. అడుగున మడ్డి వదలడానికి బాల్ వాల్వు ఉంది. డ్రమ్ము గుండ్రంగా ఉంటుంది కాబట్టి ట్యాంక్ నిపుల్‌కు (డ్రమ్ము గోడకు గొట్టాన్ని బిగించే ముక్క) పలచని వాషరు సరిగా ఆనదు. మందమైన మెత్తని రబ్బరు వాషరు వేస్తే చుక్క కారదు.

లోపల ఏమి నింపాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. గులకరాళ్లు వద్దు. బరువెక్కువ, చోటు తక్కువ, సందుల్లో మడ్డి పట్టిందంటే రాయి రాయినీ బయటికి తీయాలి. బీరకాయ పీచు మొదట్లో అద్భుతంగా పనిచేస్తుంది, బాక్టీరియా త్వరగా పడుతుంది, కానీ అది కుళ్లే పదార్థం. కొన్ని నెలలకే మెత్తబడి పోగులు పోగులుగా నీటిలో కలుస్తుంది. కొబ్బరి పీచు కూడా కుళ్లేదే, పైగా నీటికి టీ రంగు పట్టిస్తుంది. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, కరెంటు వైరింగు గొట్టాన్ని అంగుళం ముక్కలుగా కోసినవి, ఈ రెండే ఇన్నేళ్లూ చెక్కుచెదరకుండా నిలిచాయి. వీటిని ఉల్లిపాయల వల సంచుల్లో కట్టి పేర్చాను. సంచుల కింద గరుకు స్పాంజి పలకలు, వాటి కింద మడ్డి దిగడానికి జానెడు ఖాళీ.

ఇక కరెంటు కోత. డ్రమ్ము తొట్టికన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి, పంపు నుంచి వచ్చే గొట్టాన్ని నేరుగా అడుగునే బిగిస్తే పంపు ఆగగానే డ్రమ్ములోని నీరంతా మడ్డితో సహా వెనక్కి తొట్టిలోకి జారుతుంది. అందుకే మా గొట్టం డ్రమ్ము పైనుంచి లోపలికి దిగి అడుగుకు చేరుతుంది. నీటి మట్టానికి పైన దానికి చిన్న రంధ్రం ఉంది. పంపు ఆగితే అక్కడి నుంచి గాలి దూరి నీటి ధార తెగిపోతుంది. ఈ రంధ్రానికి ఖర్చేమీ లేదు, ఫిల్టరు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కోత గంటల తరబడి సాగితే డ్రమ్ములో ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది. అప్పుడు ఆ నీటిని అడుగు వాల్వు నుంచి బయటికి వదిలాకే పంపు వేయాలి. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి మే నెలలో ఇందులో అలసత్వం పనికిరాదు.

శుభ్రం చేసేటప్పుడు స్పాంజిని తొట్టి నీటిలోనే పిండాలి. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ తగిలితే పెంచుకున్న బాక్టీరియా పోతుంది. వల సంచులను కదపనవసరం లేదు. వారానికోసారి వదిలే మడ్డినీరు మా అరటి మొక్కలకు వెళ్తుంది, గెలల్లో ఆ తేడా తెలుస్తోంది.

పచ్చదనం సంగతి వేరు. నీటిని పచ్చగా చేసే నాచు ఏకకణ జీవి, ఏ స్పాంజికీ చిక్కదు. తొట్టి మీద గ్రీన్ షేడ్ నెట్ కట్టాక కొంత తగ్గింది. పంపు తర్వాత యూవీ దీపం పెట్టాక ఆ కణాలు చచ్చి గుంపులుగా ముద్దకట్టి డ్రమ్ములో ఆగుతున్నాయి. అయితే దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. ఏడాది తిరిగేసరికి దాని యూవీ శక్తి బాగా పడిపోతుంది, ట్యూబు మార్చాల్సిందే.

మా పంపు 40 వాట్లది. రోజంతా తిరిగితే ఒక యూనిట్ లోపే, నెలకు 29 యూనిట్ల దాకా అవుతుంది. పెట్టె మీద రాసిన గంటకు ఇన్ని లీటర్లన్న లెక్క సున్నా ఎత్తుకు చెప్పేది, డ్రమ్ము ఎత్తుకు ఎక్కేసరికి చాలా తగ్గుతుంది. గంట, రెండు గంటల్లో తొట్టి నీరంతా ఒకసారి తిరిగేలా కాస్త పెద్ద పంపే తీసుకోండి. ఫిల్టరు పెట్టిన వారానికే చేపలు వదలాలనుకునేవారికి మాత్రం ఇది సరిపడదు. బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలంలో రెండు మూడు చిన్న చేపలనే ఉంచి, మేత చిటికెడే వేస్తూ, టెస్ట్ కిట్‌తో అమ్మోనియా చూసుకోవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక మిగతా చేపలను కొద్దికొద్దిగా దింపండి.