పాలు మానేస్తే పెరుగన్నం ఎట్లా? చెనక్కాయ, సోయా, కొబ్బరి: ఏది మేలు?

చిత్తూరు, తిరుపతి వైపు వంటలో పూర్తి శాకాహారానికి, అంటే పాలు, పెరుగు, నెయ్యి కూడా లేని తిండికి, సగం దారి ఇప్పటికే పడి ఉంది. రాగి సంగటి, ఊరిబిండి (చెనక్కాయ పచ్చడి), ఉలవ కట్టు, మునగాకు వేపుడు, చలికాలంలో పితికిపప్పు కూర, చింతచిగురు పప్పు. వీటిలో దేనికీ పాల చుక్కతో పని లేదు. మాంసం మానడం చాలామందికి అంత కష్టం కాదు. కష్టం వచ్చేది భోజనం చివర్లో, ఆఖరి ముద్ద పెరుగన్నం దగ్గర. పొద్దున టీ దగ్గర. ఎండాకాలం సద్ది సంగటిలోకి మజ్జిగ దగ్గర. మొదలుపెట్టి నెలలోపే వదిలేసేవాళ్లలో ఎక్కువమంది ఈ మూడు చోట్లే ఆగిపోతారు. కాబట్టి పోలిక కూడా అక్కడే పెట్టాలి: పాల స్థానంలో చెనక్కాయ (వేరుశనగ) పాలా, సోయా పాలా, కొబ్బరి పాలా, డబ్బాలో దొరికే బాదం, ఓట్స్ పాలా?

ముందే తేల్చి చెప్పాల్సింది ఒకటుంది. ఈ నాలుగింటిలో ఏదీ ఆవుపాలకు సరిసమానం కాదు. పెరుగుకు ఒకటి, టీకి ఒకటి, కూరకు ఒకటి పనికొస్తాయి. అన్నిటికీ ఒకటే వాడాలని పట్టుబడితే ఎక్కడో ఒకచోట రుచి చెడుతుంది, మనసు విరిగి మళ్లీ పాల ప్యాకెట్ దగ్గరికే పోతారు.

పెరుగుకు చెనక్కాయ

మా లెక్కలో పెరుగు విషయంలో చెనక్కాయను మించింది లేదు. గింజలు ఊళ్లోనే దొరుకుతాయి, ఖర్చు తక్కువ, తోడుకున్నాక పులుపు మన నాలుకకు తెలిసిన పులుపే.

150 గ్రాముల పచ్చి గింజలు ఏడెనిమిది గంటలు నానబెట్టాలి. నానబెట్టే ముందు పళ్లెంలో పరిచి ఏరుకోవాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి తీసి పారేయాలి. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అది కాలేయానికి చేటు చేస్తుంది, ఎంత మరగబెట్టినా పూర్తిగా పోదు. రోజూ తాగే పాలకు ఈ ఏరడం మానకూడదు.

నానిన గింజల్ని రుద్ది పొట్టు తీసి, ముందు కొద్ది నీళ్లతో మెత్తగా రుబ్బాలి. ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి మళ్లీ తిప్పాలి. మొత్తం 700 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. మొదటే నీళ్లన్నీ పోస్తే గింజలు మిక్సీలో తిరుగుతూనే ఉంటాయి కానీ నలగవు, పాలు పలచగా వస్తాయి. పలచటి పాత పంచె గుడ్డలో వడకట్టి గట్టిగా పిండాలి. పిప్పిని పారేయకండి. బాండలిలో తడి ఆరేదాకా వేయించి ఊరిబిండిలో కలపొచ్చు, వంకాయ పులుసులో వేస్తే చిక్కదనం వస్తుంది.

పాలను సన్న మంట మీద కలుపుతూ కాయాలి. పొంగు వచ్చాక ఇంకో పది నిమిషాలు ఉంచాలి, పచ్చివాసన పోయేది అప్పుడే. గరిటె ఆపితే అడుగంటుతుంది, మాడు వాసన పెరుగుదాకా వెంటాడుతుంది. దించి, చిటికెన వేలు పెడితే వెచ్చగా ఉండి కాలనంత దాకా చల్లార్చాలి.

తోడుకు మామూలు పెరుగు వాడరు కదా, మరి మొదటిసారి ఎట్లా? ఆరేడు పచ్చిమిరపకాయల తొడిమలు కడిగి పాలలో వేసి, మూతపెట్టి, కదపకుండా పది పన్నెండు గంటలు ఉంచాలి. తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. మొదటి విడత పలచగా, కాస్త ఘాటు వాసనతో ఉంటుంది. అది తినడానికి కాదు, తోడుకు. అందులోంచి ఒక పెద్ద చెంచా తీసి తాజా పాలలో కలిపితే రెండో విడత నున్నగా, కమ్మగా వస్తుంది. మట్టి దుత్తలో తోడేస్తే కొంత నీరు పీల్చుకుని గట్టిగా పేరుకుంటుంది.

చెడిపోయేది ఎక్కువగా వేళ దగ్గరే. తిరుపతి ఎండల్లో ఐదారు గంటలకే తోడుకుంటుంది. రాత్రంతా బయట వదిలేస్తే పొద్దున నీరు వేరు, ముద్ద వేరు, ముక్కు మూసుకునేంత పులుపు. ఎండాకాలం సాయంత్రం తోడేసి, పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికాలం మాత్రం పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు.

ఇంకో చిక్కు వేడి. వేడి అన్నంలో ఈ పెరుగు కలిపితే రవ్వలా విరుగుతుంది. దద్దోజనానికైతే అన్నం మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడు కాసిన చెనక్కాయ పాలు పోసి మెదపాలి. పూర్తిగా చల్లారాకే పెరుగు కలిపి, నూనెలో ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టాలి. ఇట్లా చేస్తే తేడా కనిపెట్టడం కష్టం. మజ్జిగ పులుసుకు నానబెట్టిన శనగపప్పు, బియ్యం రుబ్బి కలుపుకుని, మొదటి పొంగు రాబోతుండగానే దించేయాలి. సద్ది సంగటికి చిక్కులేమీ లేవు: నీళ్లు పోసి చిలికిన చెనక్కాయ మజ్జిగ, ఉప్పు, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ.

లోటు ఏమిటంటే నూనె. గింజ బరువులో దాదాపు సగం కొవ్వే. పావు లీటరు పెరుగు రోజూ తినేవాళ్లు తాలింపు నూనె తగ్గించుకోవాలి. చెనక్కాయ పడనివాళ్లు దీని జోలికే పోకూడదు, ఆ ఎలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది.

టీకి సోయా

టీలో చెనక్కాయ పాలు పోస్తే టీ రుచి వెనక్కి పోయి చెనక్కాయ రుచే నిలుస్తుంది. అక్కడ సోయా మేలు. మాంసకృత్తుల్లోనూ నాలుగింటిలో ఇదే ముందు. ఎండు సోయా గింజల్లో నూటికి 36 గ్రాముల వరకు ఉంటాయి, చెనక్కాయలో 24 దాకా. 100 గ్రాముల సోయాతో 800 మిల్లీలీటర్ల పాలు తీస్తే అవి ఆవుపాలకు దగ్గర్లోనే ఉంటాయి.

సోయా అంటే అందరూ ముఖం తిప్పుకునేది ఆ పచ్చి చిక్కుడు వాసనకు. గింజ నలిగినప్పుడు అందులోని ఒక ఎంజైము కొవ్వుతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది, వేడి తగిలితే ఆ ఎంజైము పని చేయదు. అందుకే ఎనిమిది గంటలు నానిన గింజల్ని నేరుగా రుబ్బకుండా, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు వేసి, వేడినీళ్లతోనే రుబ్బాలి. జార్ సగం మాత్రమే నింపాలి, లేకపోతే ఆవిరి మూతను ఎగదన్ని చెయ్యి కాలుతుంది. వడకట్టిన పాలు మరగకముందే నురగ పొంగుతుంది. దాన్ని చూసి కాగిపోయాయనుకుని దించేస్తారు, అక్కడే పొరపాటు. మంట తగ్గించి, కలుపుతూ 15 నుంచి 20 నిమిషాలు మరిగించాలి. పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, సరిగ్గా మరగని పాలు తాగితే కడుపుబ్బరం, వాంతులు వస్తాయి.

టీ విరిగిపోతోందంటే కారణం పులుపు, వేడి రెండూ కలవడం. టీపొడి, అల్లం, చక్కెర నీళ్లలో మరిగించి దించేయాలి. సోయా పాలు వేరే గిన్నెలో వేడిచేసి చివర్లో పోయాలి, మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. బెల్లం టీ అయితే విరిగే అవకాశం ఎక్కువ, బెల్లం కప్పులో వేసుకుని కలుపుకోవడమే నయం. కాఫీకి పులుపు ఇంకా ఎక్కువ కాబట్టి పాలలోకి డికాషన్ కొద్దికొద్దిగా పోయాలి, డికాషన్‌లోకి పాలు కాదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉంచాలి, లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

కొబ్బరి, డబ్బా పాలు

కొబ్బరి పాలు కుర్మాకు, పాయసానికి సరే. చిక్కటి పాలు చివర్లో పోసి మరగనివ్వకుండా దించితే విరగవు. కానీ పాలకు బదులుగా రోజూ తాగడానికి ఇవి తగవు. మాంసకృత్తులు నామమాత్రం, కాల్షియం దాదాపు లేదు, ఉన్నదంతా గడ్డకట్టే రకం కొవ్వు. పెరుగు కూడా సరిగ్గా పేరుకోదు, పైన నూనె తెట్టె, అడుగున నీళ్లు.

డబ్బా బాదం పాలలో బాదం చాలా కొద్ది, ఎక్కువ భాగం నీళ్లే. ఓట్స్ పాలు టీలో బాగుంటాయి కానీ ధర ఆవుపాలకు ఎన్నో రెట్లు. కొనాలంటే చక్కెర కలపనిది, కాల్షియం, బి12 చేర్చినది చూసి కొనండి. డబ్బా బాగా కుదిపి పోసుకోవాలి, చేర్చిన కాల్షియం అడుగునే కూర్చుంటుంది.

పాలు మానితే పోయేది, దేనితో పూడుతుంది

అరలీటరు ఆవుపాలలో సుమారు 600 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో తీసిన చెనక్కాయ పాలు అరలీటరు తాగినా అందులో పదో వంతు అటూఇటూ. పాలకు మారుపాలు దొరికాయి కదా అని ఇక్కడే అందరూ మోసపోతారు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. ఆ లోటు పూడ్చేది గ్లాసు కాదు, కంచం. 100 గ్రాముల రాగిపిండిలో 350 దాకా, అంతే మునగాకులో 300కు పైనే, ఒక పెద్ద చెంచా పొట్టు తీయని నువ్వుల్లో 120 దాకా ఉంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో చాలా తక్కువ, ఆ తేడా మరిచిపోవద్దు. పాలకూరను లెక్కలో వేసుకోకండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. రాగుల్లోనూ కొంత అడ్డంకి ఉంది, మొలకెత్తించి పిండి పట్టిస్తే తగ్గుతుంది. పొద్దున నువ్వుల పొడితో ఇడ్లీ, మధ్యాహ్నం సంగటి, మునగాకు, రాత్రి ఉలవ కట్టు. ఇది మన ఇళ్లలో ఉన్న తిండే, అరుదుగా కాకుండా రోజూ తినాలి, అంతే.

బి12 సంగతి వేరు. అది ఏ ఆకులోనూ గింజలోనూ లేదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, స్పిరులినాలో ఉంటుందని చెప్పేవి నమ్మదగినవి కావు. రోజుకు కావాల్సింది 2.2 మైక్రోగ్రాములే, అయినా మాత్ర రూపంలోనో, బి12 చేర్చిన ఆహారంలోనో తీసుకోవాలి. ఒంట్లో నిల్వ ఉంటుంది కాబట్టి మొదట ఏమీ తెలియదు. నెలలో, ఏళ్లో గడిచాక అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు వస్తాయి, ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా మానకపోవచ్చు. మొదలుపెట్టే ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, మోతాదు డాక్టరుతో మాట్లాడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఆ మందే బి12ను తగ్గిస్తుంది. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకు బదులుగా ఈ పాలేవీ పట్టకూడదు.

ఇంత శ్రమకు దక్కేదేమిటి? పాలు అరగక కడుపుబ్బరం, గ్యాస్‌తో బాధపడేవాళ్లకు కొన్ని రోజుల్లోనే ఊరట తెలుస్తుంది. నెయ్యి, వెన్న పోయి పప్పులు, ఆకుకూరలు పెరిగితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. జీవహింస గురించి ఆలోచించి మానేవాళ్లకు కారణం మన జిల్లాలోనే కనపడుతుంది: సంకరజాతి ఆవుకు మగదూడ పుడితే దుక్కికీ పనికిరాక, పాలకూ పనికిరాక ఏమైపోతుందో పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. వాన కురవని ఏడాది ఇల్లు గడిచేది పాలడబ్బుతోనే అన్నదీ అంతే నిజం. అందుకే పాడి రైతును తప్పుపట్టే మాట మాకు నచ్చదు.

బయట తినేటప్పుడు

ప్యాకెట్ మీది పచ్చచుక్క చూసి మోసపోవద్దు, పాలపొడి, నెయ్యి, తేనె ఉన్నవాటికీ అదే చుక్క. 2022 నిబంధనల ప్రకారం పాలు కూడా లేని ఆహారానికి ఆకుతో కూడిన పచ్చటి 'వి' గుర్తు వేరే ఉంది. తిరుపతి హోటళ్లలో పొంగలి నేతిలోనే తేలుతుంది, దాన్ని వదిలేయడమే. ఇడ్లీ, పూరీ, నూనెతో కాల్చిన దోసె అడగొచ్చు, కానీ 'నెయ్యి వద్దు' అని పెనం మీద పోయకముందే చెప్పాలి. రవ్వదోసెలో మజ్జిగ, కుస్కాలో పెరుగు, పరోటా పిండిలో పాలో గుడ్డో కలిపే చోట్లున్నాయి, అడిగి తినండి. శ్రీవారి లడ్డూ నేతిది. ప్రసాదం కళ్లకద్దుకుని ఇంట్లోవాళ్లకు పంచేవాళ్లున్నారు, ఆ ఒక్కదానికి మినహాయింపు ఇచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సింది.

కొత్తవాళ్లు అన్నీ ఒకేరోజు మానకుండా, మొదటి వారం టీ, రెండో వారం నెయ్యి, తోడు కుదిరాక మూడో వారం పెరుగు మార్చుకుంటూ రావడం మేలు. తోడు కుదరకముందే పెరుగు మానేస్తే ఆఖరి ముద్ద దగ్గర వెలితి పడుతుంది. కాబట్టి మిరప తొడిమలతో తోడు మాత్రం మొదటి వారంలోనే మొదలుపెట్టండి.