ఆండర్సన్ వీధిలో మెట్ల కింద అట్టపెట్టెల కొట్టు

హోసూరు నుంచి ఒకావిడ, నేను పంపిన బొమ్మ ఫొటో తీసి పంపారు. ఎద్దుబండి బాగానే ఉంది, బండివాడూ బాగానే ఉన్నాడు, ఎడమ ఎద్దుకు మాత్రం ఒక కొమ్ము లేదు. "కొమ్ము పెట్టెలోనే దొరికిందండీ, ఏ గమ్‌తో అతికించమంటారు?" అని అడిగారు. తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గు వేసేది కాదు.

మా వదిన విజయవాడ నుంచి కొండపల్లి బొమ్మలు పంపిస్తుంది. నేను ఇక్కడ చెన్నై మడిపాక్కంలో ఇంటి నుంచే ఆర్డర్లు తీసుకుని కొరియర్ చేస్తాను. మామూలు రోజుల్లో వారానికి పది పన్నెండు పార్సిళ్లు, నవరాత్రి కొలువుకు ముందు మాత్రం అన్నం తినే తీరిక ఉండదు. తెల్ల పొణికి చెక్క కాబట్టి బొమ్మ అరచేతిలో పెట్టుకున్నా బరువు తెలియదు. చేతులు, కొమ్ములు, అంబారీ మీది గొడుగు విడిగా చెక్కి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. విరిగినప్పుడల్లా ఆ అతుకు దగ్గరే విరుగుతుంది.

ఆ భయంతోనే మొదట్లో ఆన్‌లైన్‌లో 8 బై 8 బై 6 అంగుళాల పెట్టెలు ఒక్కోటి 22 రూపాయలకు కొని, నిండా బబుల్ ర్యాప్ కుక్కి పంపేదాన్ని. బొమ్మ, పెట్టె, ర్యాప్ అన్నీ కలిపినా పావు కిలో దాటదు. కొరియర్ వాళ్లు మాత్రం కిలోన్నర చార్జి వేసేవారు. అడిగితే టేపు తీసి చూపించారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చినదాన్నే కిలోల బరువుగా తీసుకుంటారట. నా పెట్టె లెక్క కిలోంబావు వచ్చింది, దాన్ని పై అరకిలోకు సర్దారు. అంటే ఇన్నాళ్లూ నేను గాలికి డబ్బు కట్టాను!

ఎవరో చెబితే హైకోర్ట్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆండర్సన్ వీధికి వెళ్లాను. కాగితాలు, పెళ్లికార్డులు, ఫైళ్ల కొట్లతో నిండిన వీధి అది. నేను చెప్పే కొట్టుకు బోర్డు కూడా లేదు. ఒక పెళ్లికార్డుల షాపు మెట్ల కింద, మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని చోటు. నేను వదినతో ఫోన్లో మాట్లాడుతుంటే విని కొట్టు పెద్దాయన తెలుగులోకి దిగారు. వాళ్లది తరాలుగా మద్రాసే, ఇంట్లో తెలుగే. "వస్తువు తెచ్చినావామ్మా? వస్తువు చూడకుండా పెట్టె ఎట్లా ఇచ్చేది?" అన్నారు. నేను తీసుకెళ్లలేదు. అన్నంత పనీ చేశారు, అమ్మలేదు.

రెండోసారి ఎద్దుబండి పట్టుకెళ్లాను. అయిదు ప్లై, అంటే అయిదు పొరల అట్ట పెట్టెలు ఇవ్వమన్నాను, గట్టిగా ఉంటాయని. "నూరు గ్రాముల బొమ్మకు అయిదు ప్లై ఎందుకు? లోపల జాగా తింటుంది" అని మూడు ప్లై తీశారు. అట్ట అంచును నా కంటికి ఎదురుగా పెట్టి, రెండు కాగితాల మధ్య ఉన్న అలలు చూడమన్నారు. బొటనవేలి గోరుతో నొక్కారు. మంచి అట్ట నొక్కినా కొంచెం పైకి లేస్తుంది, నాసిరకం అలాగే అణిగిపోతుంది. ఆ అలలు పెట్టె గోడలో నిలువుగా ఉండాలట, అడ్డంగా ఉంటే పైన నాలుగు పెట్టెలు పడగానే కూలబడుతుందట. ఇంట్లో పాత పెట్టెలన్నీ తిరగేసి చూశాను, ఒక కట్ట మొత్తం అడ్డంగానే ఉంది.

చివరికి నాకు కుదిరింది 6 బై 5 బై 4, ఒక్కోటి 7 రూపాయలు. కొరియర్ లెక్కలో నాలుగు వందల గ్రాముల లోపే, అంటే అరకిలో చార్జి. హైదరాబాద్‌కు 190 కట్టేదాన్ని, ఇప్పుడు 80 కడుతున్నాను.

చుట్టడం కూడా ఆయనే నేర్పారు. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే ఎండకు బుడగల అచ్చు రంగు మీద పడుతుంది, న్యూస్‌పేపర్ చుడితే తెల్ల ఎద్దుకు సిరా అంటుతుంది. అందుకే ముందు బటర్ పేపర్. కొమ్ముల మధ్య ఖాళీలో కాస్త దూది, కొమ్ములను నొక్కకుండా. ఆ పైన ర్యాప్ రెండు చుట్లు. మూలల్లో నలిపిన బ్రౌన్ పేపర్. మూత మూసి చెవి దగ్గర ఊపాలి, కదిలిన చప్పుడు వస్తే మళ్లీ విప్పాల్సిందే. పెద్దాయన అయితే ఊపి ఊరుకోలేదు, కౌంటర్ మీద నుంచి కింద పడేశారు. నా గుండె జారిపోయింది గానీ ఎద్దుకు ఏమీ కాలేదు.

ఇక మంచి మాటలు అయిపోయాయి. ఏ సైజైనా 50కి తక్కువ ఇవ్వరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది కష్టమే. టేపు మాత్రం అక్కడ కొనకండి. చవకే గానీ నాలుగు రోజులకే అంచు లేస్తుంది. నేను వేరేచోట రెండంగుళాల టేపు కొని, మధ్య గీత మీద ఒకటి, రెండు పక్కల అంచుల మీద చెరొకటి వేస్తాను, పైనా కిందా. పోయిన ఐప్పసి (అక్టోబరు-నవంబరులో వచ్చే తమిళ నెల) వానల్లో తెచ్చిన కట్టలో అడుగు పెట్టెలు పదీ పన్నెండు చెమ్మ పట్టి మెత్తబడ్డాయి. మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు, నిజమే. కానీ పోనూ రానూ ఒక పూట నాది పోయింది. అప్పటి నుంచి డబ్బు ఇచ్చే ముందే కట్ట తిరగేసి అడుగు తడిమి చూస్తున్నాను.

వెళ్లేవాళ్లు వస్తువు వెంట తీసుకెళ్లండి. ఉదయం పదకొండులోపే వెళ్లండి, తర్వాత సరుకు బండ్లు దిగుతుంటే సందులో నిలబడలేం. ఆదివారం మూత. కవర్ ఇవ్వరు, పురికొసతో కట్టి ఇస్తారు. మడత విప్పని 50 పెట్టెలు చంకలో పడతాయి, మెట్రోలో ఎవరూ ఏమీ అనలేదు. రెండు కట్టలైతే ఆటోయే.