కడపలో స్లాబు ఇల్లు, పక్కనే తోట: అద్దాలా, నడిమి తోటా, వసారానా?

ఐదు సెంట్ల జాగా అనుకుందాం, అంటే 242 గజాలు. అందులో కాంక్రీటు ఇల్లు కట్టుకుని, తోట కూడా ఇంట్లో భాగం కావాలంటే మూడు దారులున్నాయి. తోట వైపు నిలువెత్తు అద్దాల తలుపులు పెట్టుకోవచ్చు, ఇంటి నడుమ ఆకాశం కనబడేలా చెట్లకు చోటు వదలొచ్చు, లేదంటే ఇంటికీ తోటకూ మధ్య వెడల్పాటి వసారా దించుకోవచ్చు.

అద్దాల సంగతి ముందే తేల్చేద్దాం. ఫోటోలకు బాగుంటాయి. పడమట పెడితే మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో కూర్చోలేరు. ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. చివరికి మందపాటి కర్టెన్లు దించి ఏసీ వేసుకుంటారు. ఇక తోట కనబడేదెక్కడ? ఉత్తరానికైతే నష్టం తక్కువ.

నడిమి తోటంటే నాకూ మోజే. పాత మిద్దెల్లో గవాచి నుంచి, అంటే వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కంత నుంచి పడే వెలుతురు చూసినవాళ్లకు ఆ మోజు సహజం. రాత్రి ఆరుబయట నేల త్వరగా చల్లబడి, చుట్టూ గదులకు చల్లగాలి అందుతుంది. కానీ ఏప్రిల్ ఆఖర్లో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అక్కడ కడప బండలు పరిచారా, మధ్యాహ్నం కాలు పెట్టలేరు. మట్టీ, చెట్టు నీడే ఉండాలి.

అసలు చిక్కు కింద, నేలలో ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి నడుమ రోజూ నీళ్లు పోస్తుంటే లోపలి పునాదుల కింద తడి, బయటివాటి కింద పొడి. గోడలు పగలడానికి అది చాలు. పైగా కోతుల భయానికి గ్రిల్లు, వాన జల్లుకు దానిపైన ఫైబర్ షీటు వేస్తారు. అంతటితో ఆ చోటు పొయ్యి అవుతుంది.

కాబట్టి రేగడి నేలలో, ఐదు సెంట్లలో నేను వసారానే ఎంచుకుంటాను. ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు వదిలినా పోయేది 160 చదరపు అడుగులే. తూర్పున పెడితే మధ్యాహ్నం నుంచీ నీడే. దక్షిణాన కూడా ఇబ్బంది లేదు: డిసెంబరు మిట్టమధ్యాహ్నం సైతం మూడడుగుల సజ్జా దాదాపు నాలుగడుగుల గోడకు నీడనిస్తుంది. పడమటి ఎండ మాత్రం వాలుగా దూరుతుంది, సజ్జాకు లొంగదు. అక్కడ గాలాడేలా కంతలున్న జాలీ గోడ కట్టి, రాధామనోహరం తీగ పాకించాలి. వేప, కానుగ లాంటివి రేగడిలో గోడకు దగ్గరగా వద్దు, వేర్లు తడిని పీల్చి పునాది కింద నేలను కుంగదీస్తాయి.

ఇంకొకటి, ఎత్తు. నవంబరు తుపాను వానలకు భయపడి బేస్‌మెంటు మూడడుగులు లేపుతాం, అది తప్పదు. అప్పుడు తోటలోకి దిగడం ఒక పని అయిపోతుంది. వసారాను ఇంటికంటే ఒక మెట్టు దించి, దాని పొడవునా అరుగుల్లాంటి వెడల్పాటి మెట్లు కడితే మనుషులు అక్కడే కూర్చుంటారు, ముసలివాళ్లు కూడా దిగుతారు. కడప బండకు సరైన చోటు ఆ నీడపట్టు మెట్లే.

అనంతపురం ఎర్రనేలలో పది సెంట్లుంటే నా ఓటు నడిమి తోటకే. పైన గ్రిల్లు మాత్రం మొదటి ప్లానులోనే గీయించుకోండి, ఫైబర్ షీటు జోలికి వెళ్లొద్దు.